వాల్టర్ ప్లాస్టిక్ బకెట్

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో మా చెల్లెలు సుధ ఇంట్లో వారం రోజులున్నాను. పక్కింటి పెద్దాయన వాల్టర్ ఇంట్లోనే బీరు కాచుకుంటాడు. శనివారం చూడడానికి రమ్మంటే ఇద్దరం వెళ్ళాం.

గరాజ్‌లో ఓ పెద్ద ప్లాస్టిక్ బకెట్‌కి కన్నం చేసి, నీళ్ళు కాచే హీటర్ బిగించాడు. వడకట్టిన బార్లీ నీళ్ళు అందులో కుతకుతలాడుతున్నాయి. బకెట్ మెత్తబడి పక్కలకు ఉబ్బింది.

"ప్లాస్టిక్‌లో మరిగిస్తారా?" అన్నాను, కోపం ఆపుకోలేక.

"నేనే తయారుచేశాను. నాలుగేళ్ళుగా ఏమీ కాలేదు," అన్నాడాయన.

సుధ నా చెవిలో గొణిగింది. "అన్నయ్యా, ఆయన గరాజ్, ఆయనిష్టం. ఇక్కడ ఎవరూ ఇంటర్‌ఫియర్ అవ్వరు, ప్లీజ్."

అంతలో ఆయన హీటర్ ఆపి, తీగ పిడి పట్టుకుని బకెట్ ఎత్తాడు. పిడి ఒక పక్క ఊడిపోయింది. చొక్కా పట్టుకుని ఆయనను వెనక్కి లాగాను. మరుగుతున్న నీళ్ళు సరిగ్గా ఆయన నిలబడ్డ చోటే పడ్డాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కాళ్ళు కాలిపోయేవి కదండీ!" అని అరిచాను.

ఆయన నేలకేసి చూస్తూ, "అయ్యో, మంచి బార్లీ," అన్నాడు. వెంటనే అలమరలోంచి కొత్త బకెట్, డ్రిల్లు తీసి కన్నం చేయడం మొదలుపెట్టాడు. సుధ నా చెయ్యి గట్టిగా పట్టుకోకపోతే ఆ డ్రిల్లు లాక్కునేవాణ్ణే.