ముప్పై ఒకటో నంబరు అతుకు

యుద్ధం అయ్యాక ఎగ్గెర్ట్ రోవర్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూశామని జర్మనీలోని కీల్ రేవులో ఎవరూ చెప్పలేరు. కాఫీ పోసిస్తే కప్పు పట్టుకుని గుమ్మం దాకా నడుస్తాడు, మళ్ళీ కిటికీ దాకా వస్తాడు. "కూర్చుని తాగవయ్యా బాబూ, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అని భార్య మేటా విసుక్కునేది. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. 1944 ఆగస్టులో పట్టుకుంది.

అంతకు ముందు అతని పనితనం రేవంతా చెప్పుకునేది. పాతికేళ్ళుగా వెల్డింగే. వేసిన ప్రతి అతుకు చివరా తన నంబరు ముద్ర కొట్టేవాడు, ముప్పై ఒకటి అని. ఆ నంబరు కనబడితే చాలు, తనిఖీదారు సుద్దముక్క జేబులో పెట్టుకుని ముందుకు వెళ్ళిపోయేవాడు. అంత నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఆ ఏడు కొత్తరకం జలాంతర్గాములు మొదలయ్యాయి. నీళ్ళ కింద పాతవాటికి రెట్టింపు వేగమట, పొట్టనిండా బ్యాటరీలట. గీసిన మహానుభావులు వాటిని ఎనిమిది ముక్కలుగా గీశారు. ఒక్కో ముక్కా ఒక్కో ఊళ్ళో చేస్తారు, సముద్రం మొహం చూడని ఊళ్ళలో కూడా. తెచ్చి అతికించడం మన రేవు వంతు. కాగితం మీద భేషుగ్గా అతికాయి. రేవులోకి వచ్చాక చూస్తే మూడో ముక్కకీ నాలుగో ముక్కకీ మధ్య, ఎడమవైపు, రెండు వేళ్ళు దూరే సందు!

పద్ధతిగా చెయ్యాలంటే అంచులు కోసి, ఉక్కు పట్టీ వేసి, పొర మీద పొర నింపాలి. రోజున్నర పని. ఫోర్‌మన్ గోష్ గడియారం చూపించాడు.

"సాయంత్రానికి పడవ నీళ్ళలోకి దిగాలోయ్ రోవర్. పెద్దలొస్తున్నారు."

"ఆ సందులో ఓసారి చెయ్యి పెట్టి చూడండి, గోష్ గారూ."

"నా చెయ్యి సంగతి సరే, నీ తల సంగతి చూసుకో. క్రేను తోలే క్లాసెన్ ఏమయ్యాడో గుర్తుందా?"

గుర్తుండకేం! క్లాసెన్ భోజనాల దగ్గర పైవాళ్ళ మీద ఒక జోకు వేశాడు. మర్నాడు రహస్య పోలీసులు వచ్చి తీసుకుపోయారు. మళ్ళీ మనిషి రాలేదు. ఎగ్గెర్ట్ వెనక్కి తిరిగి పడవ దగ్గరికి వెళ్ళాడు. తొమ్మిది వెల్డింగ్ రాడ్లు ఆ సందులో కూరి, పైన కరిగించి పూసేశాడు. చూడటానికి నున్నగా, ముచ్చటగా వచ్చింది, లోపల మాత్రం డొల్ల. అలవాటు కొద్దీ ముద్ర కూడా కొట్టేశాడు. కొట్టాక అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాడు.

పడవ తయారవుతుండగానే దాన్ని నడపబోయేవాళ్ళు వచ్చి, దగ్గరుండి నేర్చుకోవడం ఆనవాయితీ. అలా వచ్చాడు ఒన్నో. ముప్పై ఏళ్ళ ఇంజను మెకానిక్, టీ తాగడానికి పేరుపడ్డ ఫ్రీసియా తీరంవాడు, రోజుకి పది కప్పుల టీ లేనిదే బతకలేనివాడు. అతని పడక సరిగ్గా ఆ అతుకు పక్కనే వచ్చింది.

"మేస్త్రీ! ముప్పై ఒకటంటే మీరే కదూ? భలే! ఇంక గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపొమ్మని మా ఆవిడకి రాసేస్తా," అంటూ ఆ ముద్రని అరచేత్తో తట్టాడు.

ఎగ్గెర్ట్ పనిముట్లు సర్దుకుని బయటపడ్డాడు. చెబితే తన తల పోతుంది. చెప్పకపోతే పడవలో వెళ్ళే యాభై ఏడు మంది నీళ్ళపాలు. పోనీ అతుకు గట్టిదే అయితే ఈ పడవ వెళ్ళి ముంచేది ఇంకెవరి బిడ్డల్నో! ఎటు తిరిగినా పాపమే. వారం రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. గోష్ గది దాకా మూడుసార్లు వెళ్ళాడు, మూడుసార్లూ వెనక్కి వచ్చాడు. పడవని లోతుకి దింపి చూసే పరీక్షకి రేవు తరఫున ఎవరు వస్తారని అడిగినప్పుడు మాత్రం అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

నీళ్ళలోకి దిగుతుంటే ఒన్నో ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక దారం బిగించి కట్టాడు. "చూస్తుండండి మేస్త్రీ, తమాషా!" తొంభై మీటర్ల దగ్గరికొచ్చేసరికి నీటి బరువుకి గోడలు లోపలికి నొక్కుకుని, బిగుతుగా ఉన్న దారం కాస్తా కిందికి వేలాడింది. అందరూ నవ్వారు. ఎగ్గెర్ట్ ఒన్నో పడక ఎక్కి, వీపు ఆ అతుకుకి ఆనించి, కాళ్ళు ఎదుటి కమ్మికి తన్నిపెట్టి కూర్చున్నాడు. ఉక్కు కిర్రుమన్నప్పుడల్లా కళ్ళు మూసుకున్నాడు.

"నిద్రొస్తోందా పెద్దాయనా? అద్దె ఇచ్చి పడుకోండి!" అన్నాడు ఒన్నో.

వంద మీటర్లు. అతుకు ఆగింది. ఆగింది కదా అని ఎగ్గెర్ట్ నోరు మూసుకున్నాడు. మొదటి తప్పు భయంతో చేశాడనుకుందాం, ఈ రెండోదాన్ని ఏమనాలి?

చలికాలమంతా పడవ సాధనలోనే గడిపింది. వసంతంలో ఒక్కసారి స్కాట్లండ్ దాకా వెళ్ళి, వెంటాడిన ఓడలకి దొరక్కుండా దాక్కుని, ఒక్క టార్పెడో కూడా వదలకుండా తిరిగొచ్చింది. జర్మనీ లొంగిపోవడానికి ముందురోజు, శత్రువుకి దక్కకూడదని, సొంతవాళ్ళే నీటి కవాటాలు విప్పి దాన్ని కీల్ బయట ముంచేశారు. యాభై ఏడు మందీ ఒడ్డెక్కారు. అంత చాకిరీకీ అదీ ఫలితం!

ఒన్నో భార్యని తెచ్చుకుని కీల్‌లోనే ఉండిపోయాడు. ఆదివారం ఆదివారం టీ ఆకు పొట్లం కట్టుకుని ఎగ్గెర్ట్ ఇంటికి వచ్చేవాడు. కూర్చోగానే మేటాతో అదే మాట: "మమ్మల్ని ఇంటికి చేర్చింది మీ ఆయన అతుకేనమ్మా." ఆ మాట వినబడగానే ఎగ్గెర్ట్ లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు. నాలుగేళ్ళు, ప్రతి ఆదివారం.

1949లో ఆ పడవని పైకి లేపారు, పాత ఇనుము కింద కోసెయ్యడానికి. ఇద్దరికీ అందులోనే పని దొరికింది.

"మేస్త్రీ, ఒక్క కోరిక. మీ నంబరున్న ఆ ముక్క నాకు కోసివ్వండి. ఇంట్లో గోడకి పెట్టుకుంటా."

"వెళ్ళి ఇంకో ఆక్సిజన్ సిలిండర్ పట్రా," అని ఎగ్గెర్ట్ ఒన్నోని తప్పించి, గబగబా పడవ వెనక గదిలోకి పోయాడు. అక్కడా ముప్పై ఒకటి ముద్ర ఉంది, అది నిఖార్సయిన అతుకు. దాన్ని కోసిస్తే ఈ జన్మకి ఎవరికీ తెలియదు. ఇనుము కోసే గ్యాసు టార్చి వెలిగించాడు. ఆర్పాడు. మళ్ళీ వెలిగించాడు. ఛీ, అనుకుని తిరిగొచ్చేసరికి ఒన్నో సిలిండర్‌తో తన పాత పడక దగ్గర నిలబడి ఉన్నాడు.

"పక్కకి జరుగు," అని ఎగ్గెర్ట్ అసలు అతుకునే కోశాడు. ముక్క ఊడింది. దాని వెనకాలే, తుప్పునీళ్ళతో పాటు, రాడ్లు ఒక్కొక్కటే టంగు టంగున కింద పడ్డాయి.

"ఏంటివి?"

"రాడ్లు. తొమ్మిది. సందులో కూరి పైన పూత పూశాను."

ఒన్నో ఒక రాడ్డుని బూటుతో దొర్లించాడు. "ఆ రోజు నా పడక మీద వీపు ఆనించి కూర్చున్నారు. అందుకా?"

"అందుకే."

"ఆ తర్వాత నలభై సార్లు మునిగాం, మేస్త్రీ. స్కాట్లండ్ దగ్గర ఇంకా లోతుకి పోయాం. అప్పుడెవరు ఆనించారు వీపు?"

ఎగ్గెర్ట్ టార్చి ఆర్పేశాడు.

"నువ్వే," అన్నాడు.

ఒన్నో ముక్కని ముట్టుకోలేదు. వంగి తొమ్మిది రాడ్లూ ఏరుకుని, గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం మేటా ఎప్పట్లాగే మూడు కప్పులు పెట్టింది. టీకి నీళ్ళు మరిగి చల్లారాయి, ఒన్నో రాలేదు. ఎగ్గెర్ట్ కుర్చీలో తలుపుకి ఎదురుగా కూర్చున్నాడు. మేటా రెండుసార్లు పిలిచినా సాయంత్రం దాకా కదల్లేదు.