ఖురూజ్ పడిన మనిషి

హాయిల్ పొలాల్లో మోటార్లు బాగుచేసి రియాద్ తిరిగి వస్తున్న భోజన్నకు దారిలో ఆగిపోయిన నీళ్ళ ట్యాంకరూ, దాని నీడలో ఖాళీ డబ్బాతో ఒక మనిషీ కనిపించారు. పికప్ ఆపాడు. క్యాసెట్లో తెలుగు పాట విని ఆ మనిషి లేచాడు.

"నీళ్ళు లేక ఇంజను కాగిపోయింది సూడన్నా."

"నీళ్ళ బండికే నీళ్ళ కరువా! ఎక్కు భాయ్, బంకు దాక తీస్కపోత."

ఆయన కడప వైపు మనిషి, మస్తాన్ వలీ. కువైట్ యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది దాటింది. ఆ యుద్ధంలో ఆయన అమెరికన్ సిపాయిల గుడారాలకు నీళ్ళు తోలాడు. ఎవరో కొట్టుకుంటే మనవాళ్ళు చాకిరీకి పోవడం కొత్తేమీ కాదు. ఆయన తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాసు పటాలంలో చేరి సింగపూరులో జపానువాళ్ళకు పట్టుబడ్డాడు. ఆ ఖైదీలను ఓడల్లో కుక్కి పసిఫిక్ దీవులకు తరలించారని ఊళ్ళో చెప్పుకున్నారు. తండ్రి పటాలంతో పోయేనాటికి మస్తాన్ కడుపులో ఉన్నాడు. తల్లి రహమత్‌బీ ఏళ్ళ తరబడి ఎదురుచూసి, చనిపోయినవాళ్ళను తలచుకునే ఒక షబే బరాత్‌కు భర్త పేర ఫాతిహా చదివించింది. 'బతికుంటే నా దగ్గరికి రాకుండా ఉంటాడా' అన్న ఒక్క మాట పట్టుకునే బతుకంతా ఈదుకొచ్చింది.

మస్తాన్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. సిపాయిలు వెళ్ళిపోయాక చెత్తకుప్పలో దొరికిన పుస్తకంలోది. అన్నీ పాత యుద్ధపు ఫొటోలే: తలలు తెగిన కొబ్బరిచెట్లు, ఇసుకలో బోర్లాపడ్డ పడవలు. ఎడారిలో కొట్లాటకు వచ్చినవాళ్ళు సముద్రంలో జరిగిన కొట్లాటను ఎందుకు చూసుకునేవారో! ఈ పేజీలో మాత్రం ఒక గుడిసె ముందు ఎముకలు తేలిన మనవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. వారిలో ఒకడి ఎడమ భుజం కిందికి జారి ఉంది.

"నాయన నిలబడితే నా మాదిరే ఒరిగుంటాడని మాయమ్మ చెప్తాంటాది. ఈయప్ప మా నాయనే. వచ్చే వారం ఊరికి పోతాండా. ఇది అమ్మకు ఇయ్యొచ్చా, ఇయ్యగూడదా? కింద ఏం రాసినారో చదువన్నా. భయమయ్యి ఎవురికీ చూపియ్యల్యా."

భోజన్న బంకు దగ్గర బండి ఆపి, ఐటీఐలో నేర్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ చదివాడు. న్యూ గినియా, ఇండియన్ ఖైదీలు, 1945. తర్వాత 'లిబరేటెడ్' అన్న మాట దగ్గర ఆగాడు. విముక్తి అన్నది ఎవరి నోటా వినపడే మాట కాదు. ఇక్కడ రోజూ నలిగే మాటే తట్టింది.

"ఇడిసిపెట్టినంక తీసిన ఫొటోనట భాయ్. మన లెక్కల ఖురూజ్ పడ్డదన్నట్టు."

ఖురూజ్ అంటే ఇక్కడి కొలువు తీరి, దేశం దాటి పొమ్మని పాస్‌పోర్టులో వేసే ముద్ర. దానికోసమే కదా అందరూ కళ్ళు కాయలు కాసేలా చూసేది!

"అయితే అప్పటికి బతికే ఉన్న్యాడా?"

"ఉన్నడు."

"ఖురూజ్ పడినోడు ఇల్లు చేరకుంటే, మనం ఏమనుకుంటామన్నా?"

ముద్ర పడ్డా ఊరికి పోక, బొంబాయిలో దిగి ఇంకో కాపురం పెట్టినవాళ్ళ కథలు తాముండే సులై క్యాంపులో నవ్వుతూ చెప్పేది భోజన్నే.

"అట్ల కాదు భాయ్! తొవ్వలనే పానం పోయిందో ఏమో. సూడు, ఒంట్లె ఏమన్న ఉన్నదా? ఖురూజ్ వేరు, ఇది వేరు. నేనే తప్పు మాట..."

మస్తాన్ తలుపు తీసుకుని దిగాడు. ఫొటో సీటు మీదే ఉంది. నీళ్ళ కోసం తెచ్చిన డబ్బా కూడా.

"భాయ్, ఫొటో! నీళ్ళన్న తీస్కపో!"

ఆయన తిరిగి చూడలేదు. ఎడమ భుజం కిందికి జారి, ట్యాంకరు ఆగిన వైపే, ఎండలో పడి నడిచిపోయాడు.