గుమ్మిలో మాగిన చుట్ట

మంథనిలో గోదావరి వైపు వీధిలో ఉండే జానకీబాయి తన జీవితంలో చుట్ట కాల్చింది ఒక్కసారే. కానీ చుట్టలు మాగబెట్టడంలో ఆమె అంత చేయి తిరిగిన మనిషి ఆ చుట్టుపక్కల లేదు. చుట్టలు చుట్టి తెచ్చేది ముత్తయ్య, మాగబెట్టేది ఆమె. కొత్త కుండలో తునికాకు పరిచేది. బెల్లం నీళ్లు చిలకరించిన గుడ్డలో చుట్టలు పెట్టి, మూతికి మట్టి మెత్తి, వెదురుతో అల్లిన వడ్ల గుమ్మిలో లోతుగా పాతేది. వడ్ల వేడికి రెండు వానకాలాలు మాగాలి. తొందరపడి తీస్తే పొగ నాలుకను కొరుకుతుంది, గొంతులో గీరుతుంది.

ఆ చుట్ట కోసమే ఆమె మరిది వరసైన దామోదర్‌రావు సుల్తానాబాద్ నుంచి పనిగట్టుకొని వచ్చేవాడు.

"ఏం వాసననే అన్నా! పానం లేచొస్తుంది."

"అంత నా ముక్కురా. నేను తియ్యుమన్ననాడే కుండ తీస్తరు," అనేవాడు ఆమె భర్త ఉపేందర్‌రావు.

తలుపు చాటున నిలబడి జానకీబాయి వినేది. ఎప్పుడు తీయాలో చెప్పే ముక్కు ఆమెది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన నోట "బాగున్నది" అన్న మాట ఆమె వినలేదు. కూరకూ లేదు, చుట్టకూ లేదు. ఒక ఏడు గుమ్మిలోకి వానచెమ్మ దిగింది. చుట్ట అంటించిన ఆయన మొహం చిట్లించి, మంచినీళ్లు అందిస్తున్న ఆమె చేయి పట్టుకొని, మండే కొసను మణికట్టు మీద అదిమాడు.

"పచ్చిగున్నది. సూడు, నీకే తెలుస్తది."

దామోదర్‌రావు పగలబడి నవ్వాడు. "ఇగ వదినె మర్చిపోదు తియ్యే అన్నా!"

నిజమే, మర్చిపోలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు ఉపేందర్‌రావుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దయిపోయింది. చుట్ట ముట్టొద్దన్నాడు కరీంనగర్ డాక్టర్. వచ్చే వానకాలం మీద ఆశ పెట్టుకోవద్దని కూడా మంచం పక్కనే నిలబడి చెప్పేశాడు. జానకీబాయి సేవలో లోటు చేయలేదు. ఒళ్లు తుడిచేది, జావ పోసేది. ఆయన చూపు మాత్రం ఎదుటి గదిలో ఉన్న గుమ్మి మీదే. అందులో ఆఖరి కుండ ఒకటి మాగుతోంది.

ఒక మధ్యాహ్నం ఆమె జీతగాడు కొండల్ చేత ఆ కుండ తీయించింది. మంచం ముందు పీట వేసుకొని మూతికి మెత్తిన మట్టి పగలగొట్టింది. ఆయన ముక్కుపుటాలు అదిరాయి. ఆమె ఒక చుట్ట తీసి, ఆయన చూస్తుండగానే తన నోట్లో పెట్టుకొని అంటించింది.

"దొర్సాని, గిదేం పని!" అన్నాడు కొండల్.

"నోరు మూసుకొని గంప పట్టుకో."

దగ్గు వస్తుందనుకుంది. రాలేదు. పొగ మెత్తగా దిగింది. నాలుక మీద ముందు మాడిన బెల్లం, ఆ వెనక ఎండిన ఇప్పపువ్వు. బూడిద తెల్లగా, రాలకుండా నిలిచింది. ఇన్నేళ్లూ వాసనతో ఊహించుకున్నది నోటికి తగిలేసరికి ఆమెకు కళ్లు మూతలు పడ్డాయి. ఇది నా చేతిదేనా అనుకుంది.

"కావాల్నా?" అని అడిగింది.

ఆయన ఎడమచేయి చాచాడు.

"ఇస్త. ఎట్లున్నదో జర చెప్పాలె మరి. ఒక్క మాట."

తన ఎంగిలి చుట్టనే ఆయన పెదవుల మధ్య పెట్టింది. ఆమె తాగిన గ్లాసు ముట్టని మనిషి ఆబగా పీల్చాడు. పడిపోయిన మూతి పక్క నుంచి పొగ కారిపోయింది. మొహం మీద సుఖం విచ్చుకుంది. అది ఆమె చూసింది. చుట్ట వెనక్కి తీసుకొని, మణికట్టు మీది మచ్చను రుద్దుకుంటూ ఎదురుచూసింది.

ఆయన ఆమెను చూశాడు. మాట కూడదీసుకున్నాడు.

"ప... చ్చి."

జానకీబాయి చుట్టను నీళ్ల చెంబులో పడేసింది. అది చుయ్‌మంది.

"అట్లనా? మీ ముక్కు ఎప్పుడన్న తప్పిందా! పచ్చిగుంటే ఎట్ల తాగుతరు? ఇంకో రెండు వానకాలాలు మాగనిద్దాం."

మూతి మళ్లీ కట్టి, కుండను తానే గుమ్మిలోకి దించింది. కొండల్ వడ్లు పోయసాగాడు. మంచం కిర్రుమంది.

"బా... గు..."

కొండల్ చేయి ఆగింది. "దొర్సాని, దొర ఏమో అంటుండు."

"బాగు... న్న... ది." ఆయన ఏడుస్తున్నాడు.

జానకీబాయి ఆ మాటను చివరిదాకా, చెవులారా విన్నది.

"నాకేం వినవడలే," అంది. "ఇంకో గంప పొయ్యి."