వీరవేణి రాయని వాక్యం

ఎమ్మెస్సీలో వీరవేణి మొదటిసారి చీవాట్లు తిన్నది మైక్రోస్కోపు వాడనందుకు. 1993 సెప్టెంబరు, జువాలజీ ల్యాబు. నాలుగైదు జాతుల రొయ్య పిల్లల్ని కలిపి పోసిన గాజు పళ్ళేలు ఒక్కొక్కరి ముందూ పెట్టి, ఏ జాతివి ఎన్ని ఉన్నాయో రాయమన్నారు మా ప్రొఫెసరు ఆనందరావు గారు. మేం ఇరవై మందిమీ మైక్రోస్కోపుల మీద వంగి, ఒక కన్ను మూసుకుని నానా అవస్థా పడుతున్నాం. వీరవేణి పళ్ళేన్ని కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి చూసి, పది నిమిషాల్లో కాయితం ఇచ్చేసింది.

"చూడకుండా ఎలా రాశావమ్మా?" అన్నారాయన.

"చూసేనండి."

"దేంతో?"

"కళ్ళతోనండి."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరికన్నా కాస్త గట్టిగానే. ఆ పిల్ల నా రూమ్మేటని, ఇద్దరిదీ కోనసీమేనని అప్పటికే అందరికీ తెలుసు మరి. ఆనందరావు గారు ఆ పళ్ళేన్ని తానే మైక్రోస్కోపు కింద పెట్టుకుని లెక్కపెట్టారు. టైగరు రొయ్య పిల్లలు పదిహేడు. ఆమె రాసిందీ పదిహేడే. "ఏ గుర్తు చూసి చెప్పావో రికార్డులో రాయి. కళ్ళతో చూశానంటే మార్కులు వెయ్యరు" అన్నారు. ఏ గుర్తో ఆమె చెప్పలేకపోయింది. "టైగరు పిల్లయితే అలాగే ఉంటాదండి" అని ఊరుకుంది.

ఇద్దరిదీ కోనసీమే అన్నది పేరుకే. నాది రాజోలు దగ్గర పల్లెటూరు, ఆమెది అంతర్వేది పల్లిపాలెం. బస్సులో గంట ప్రయాణం. ఆ గంట అవతల ఎవరుంటారో, ఏం తింటారో నాకు బుద్ధెరిగి ఎప్పుడూ పట్టలేదు. స్వామి కల్యాణం చూడటానికి అంతర్వేది గుడికి వెళ్ళడం, రావడం, అంతే. మాకు కొబ్బరితోట, వరిచేను ఉండేవి. ఉప్పుటేరు పక్కనున్న నాలుగెకరాల చేను 1991లో మా నాన్నగారు తవ్వించి రొయ్యల చెరువు చేశారు. అప్పట్లో అందరూ అదే పని చేశారు.

వాళ్ళ నాన్న దుర్గారావు గారు సముద్రం మీద వేటకి వెళ్తారు. తల్లి వీరమ్మ గారు గోదావరి సముద్రంలో కలిసే చోట మోకాలి లోతు నీళ్ళలో సన్నకన్ను వల లాగి రొయ్య పిల్ల పడుతుంది. వీరవేణి ఏడో ఏటి నుంచీ బడికి వెళ్ళే ముందు ఆ వల రెండో కొస పట్టుకునేది. పడినదంతా తెల్ల బేసిన్లో పోసి, అందులోంచి టైగరు పిల్లల్ని ఆల్చిప్పతో ఒక్కొక్కటే ఏరి కుండలోకి తీయాలి. ఆ పిల్ల గోరు పొడవుంటే గొప్ప. మిగిలినదాన్ని చెత్త అంటారు, అక్కడే ఇసుకలో పారబోస్తారు. ఏరిన పిల్లని ఏజెంటు మోపెడ్ మీద వచ్చి చెరువుల వాళ్ళకి పట్టుకుపోతాడు. చెరువుల వాళ్ళంటే మేమే.

మూణ్ణెల్ల పాటు వీరవేణి నన్ను "మీరు" అంది. వద్దని నేనూ అనలేదు, సుఖంగానే ఉంది. మొదటి ఇంటర్నల్లో నా మార్కులు చూశాక తనే "నువ్వు"లోకి దిగింది. ఆ తర్వాత మాకిద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఆమె డిగ్రీ దాకా తెలుగు మీడియం. లెక్చరర్లు ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే దిక్కులు చూసేది. రాత్రి నేను ఆ నోట్సు తెలుగులో చెప్పేదాన్ని. ఆమె నాకు ఏ పిల్ల ఏ రొయ్యదో, ఏది పీతో ఏది చేపో నేర్పేది. ఇద్దరుండాల్సిన గదిలో నలుగురం, తెల్లారి అయిదింటికి నీళ్ళ క్యూ, మెస్సులో సాంబారు అడుగున వెతికితే గానీ దొరకని పప్పు. వీరవేణి ఒక్కనాడూ సణగలేదు. "కూర్చున్న చోటికి అన్నం వస్తంటే ఇంకేం కావాలే" అనేది.

రెండో ఏడు చివర అందరం మూడు నెలల ప్రాజెక్టు చెయ్యాలి. ఆ ఏడు ఆనందరావు గారి దగ్గర ఒకే ఒక్క రీసెర్చి సీటు ఉంది, స్టయిపెండుతో. ప్రాజెక్టు వైవాలో ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్ళకి. నాకు ఆ సీటు వస్తే గొప్ప, రాకపోతే ఇల్లుంది. వీరవేణి సంగతి వేరు. "సీటు వస్తే అమ్మ నీళ్ళలోంచి బయటికొచ్చేస్తాది" అంది నాతో ఒకసారి.

ఆమెకి అంతర్వేది దగ్గర టైగరు రొయ్య పిల్ల ఎంత దొరుకుతుందన్నది ప్రాజెక్టుగా ఇచ్చారు. నాది చెరువుల్లో ఆ పిల్ల ఎంత బతుకుతుందన్నది. "ఏరిన పిల్లతో పాటు మిగిలింది కూడా సీసాల్లో పట్టుకురామ్మా" అన్నారు ఆనందరావు గారు. వీరవేణి తల్లి బేసిన్లోని చెత్త పన్నెండు సీసాలు తెచ్చింది. మైక్రోస్కోపు అంటే నవ్వే మనిషి, రెండు నెలలు దాని మీంచి లేవలేదు. చిన్నప్పటి నుంచీ చెత్త అంటూ చూడకుండా పారబోసినదాన్ని ఇప్పుడు ఒక్కొక్కటీ చూసి పేరు రాయాల్సి వచ్చింది. పండుగప్ప చేప పిల్లలు, బొంత చేప పిల్లలు, పీతలు, తెల్ల రొయ్య. ఒక టైగరు పిల్ల కుండలోకి వెళ్ళిందంటే, ఇసుకలో ఎండిపోయేవి తక్కువలో తక్కువ వంద.

లెక్క తేలిన రోజు గదికి వచ్చి మంచం మీద కూర్చుండిపోయింది. "పండుగప్ప పడట్లేదని నాన్న మూడేళ్ళ నించి సముద్రాన్ని తిడతన్నాడే. అమ్మకి చెప్పాలి. పాపం, తనకి తెలీదు" అంది.

ఆ శనివారం ఇద్దరం వెళ్ళాం. వీరమ్మ గారు నన్ను చూసి గాభరా పడి, చాప దులిపి వేసి, చేపల పులుసు పెట్టింది. ఆవిడ పాదాలు ఉప్పు నీళ్ళకి నాని, వేళ్ళ సందున పాచి తెల్లగా విచ్చిపోయి ఉన్నాయి. వీరవేణి ఒక సీసా తీసి తల్లి చేతికిచ్చి, భూతద్దం కూడా ఇచ్చింది. ఆవిడ భూతద్దం పక్కన పెట్టేసి సీసాని గుమ్మంలో వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఇది పండుగప్ప. ఇయ్యి బొంతలు. అడుగునున్నది పీత. ఇది చూపెట్టడానికా ఇంత దూరం వచ్చేరు?"

"నీకు తెలుసా అమ్మా?"

"తెలీకపోతే ఎలా ఏరతానే? ఏది కాదో తెలిస్తేనే కదా, ఏది అవునో తెలిసేది."

"మరి ఇసుకలో ఎందుకు పోస్తన్నావు? మళ్ళీ నీళ్ళలో వదిలేస్తే బతికేయి కదా."

"ఏజెంటు ఏడింటికి వస్తాడు, పావుగంట నిలబడతాడు. తర్వాత పిల్ల ఎండకి చచ్చిపోద్ది, చచ్చిన పిల్ల చెరువోళ్ళు తీసుకోరు. బేసిను మోసుకెళ్ళి నీళ్ళలో పోసి వచ్చేలోగా ఒక లాగుడు పోద్ది. రోజూ ఒక లాగుడు పోతే నీ హాస్టలు ఎలా కట్టేది?" అని, నావైపు తిరిగి, "మొహమాటపడకండమ్మా, ఇంకాస్త పులుసు వేసుకోండి" అంది.

వీరవేణి సీసా తీసుకుని మూత బిగించింది. ఆవిడే మళ్ళీ అంది: "మీ నాన్న రోజూ సముద్రాన్ని తిడతాడు. నేను విని ఊరుకుంటాను." నేను పులుసు వేసుకున్నాను. ఏం చెయ్యాలో తెలియక.

వీరవేణి పట్టికంతా రాసింది, దాచకుండా. ఆనందరావు గారు చూసి, "ఇదమ్మా పరిశోధనంటే!" అని పక్క గది వాళ్ళని కూడా పిలిచి చూపించారు. మంచి మనిషి ఆయన, ఆమె పైకి రావాలని నిజంగా కోరుకున్నారు. ఆఖరి పేజీకి వచ్చేసరికి ఆగారు. నేనక్కడే ఉన్నాను.

"సిఫారసుల ముందు ఒక వాక్యం తగ్గిందమ్మా. మత్స్యకారుల అజ్ఞానం వల్ల ఈ నష్టం జరుగుతోందని రాయాలి."

"అజ్ఞానం కాదండి. వాళ్ళకి తెలుసండి."

"తెలిస్తే ఎందుకు చేస్తారు?"

"టైం లేకండి."

ఆయన నవ్వారు. "టైం లేక అని ప్రాజెక్టులో రాస్తామా? అజ్ఞానం అని రాస్తేనే కదా, అవగాహన కల్పించాలని సిఫారసు చెయ్యగలం. అందరూ రాసే వాక్యమే. లేకపోతే ఎవరికి చెబుతావు సిఫారసు?"

"కొనేవాళ్ళకండి. ఇంకో అరగంట ఆగి తీసుకుంటే చాలండి."

ఆమె అదే రాసింది. పిల్ల కొనే చెరువుల వాళ్ళు అరగంట ఆగితే మిగతా పిల్లలు బతికి నీళ్ళలోకి వెళ్తాయని. ఆమె తెలుగులో రాస్తే ఇంగ్లీషు చేసి పెట్టింది నేను.

వైవాకి బయటి నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చారు. తలుపు తీసే ఉంది, తర్వాత వంతు నాది కాబట్టి వరండాలో నిలబడి అంతా విన్నాను. పట్టిక బాగుందన్నారు. ఆఖరి పేజీ తిప్పి, "మీ వాళ్ళని వెనకేసుకొస్తున్నావు. సైన్సులో అది పనికిరాదు. ఈ శాంపిళ్ళు ఏరింది ఎవరు?" అన్నారు.

"మా అమ్మండి."

"తను చేసేది నష్టమని ఆవిడకి తెలుసా?"

"ఆయ్, తెలుసండి."

"తెలిసే చేస్తోందా?"

"ఆయ్. నా హాస్టలు ఫీజు కోసమండి."

ఆయన చాలాసేపు కాయితం మీద ఏదో రాసుకుని, "ఇక వెళ్ళమ్మా" అన్నారు.

సీటు వీరవేణికి రాలేదు, ఆరు మార్కుల్లో పోయింది. ఇంటికి వెళ్ళి డియస్సీకి చదివింది. 1998లో టీచరు ఉద్యోగం వచ్చేదాకా వీరమ్మ గారు నీళ్ళలోనే ఉంది. ఆ తర్వాత కొన్నాళ్ళకి హేచరీల్లో గుడ్లు పొదిగించి పెంచిన పిల్ల చవకైపోయి ఏజెంట్లే రావడం మానేశారు. వీరవేణి ఇప్పటికీ ఆ చుట్టుపక్కల హైస్కూల్లోనే బయాలజీ చెబుతోంది, మంచి టీచరని పేరు.

సీటు వచ్చింది నాకు. ఫలితాలు పెట్టిన సాయంత్రం గదిలో వీరవేణి నా ప్రాజెక్టు చదువుతూ కనిపించింది. ఆఖరి పేజీలో, మత్స్యకారుల అజ్ఞానం వల్లేనన్న ఆ వాక్యం ఉంది. నన్నెవరూ రాయమనలేదు. ఆనందరావు గారు ఆమెతో అన్నది విని, నా అంతట నేనే వెళ్ళి చేర్చాను. చెరువుల వాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

వీరవేణి కోప్పడుతుందనుకున్నాను. పుస్తకం మూసి, "అమ్మ చెప్పినప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు కదే?" అని అడిగింది.

"ఉన్నాను" అన్నాను.

అంత సిగ్గు నేను ఎన్నడూ పడలేదు. సీటు మాత్రం వదులుకోలేదు.