మామగారి వాచీ, రెండుసార్లు మోసిన గంప

మా బావమరిది సాంబశివం పెళ్లి గురించి ఊళ్లో ప్రతివాడూ ఏదో ఒకటి చెప్పాడు. పెళ్లికి రానివాళ్లయితే ఇంకా వివరంగా చెప్పారు. ఇన్నేళ్లలో "ఏమయ్యా, అసలేం జరిగింది?" అని నన్నడిగినవాడు ఒక్కడు లేడు. అడగరని తేలిపోయింది కాబట్టి నేనే చెబుతున్నాను. ఘోరం జరిగిన మాట నిజమే. కాని మీరు విన్నంత ఘోరం కాదు.

అప్పుడు నేను గుంటూరులో పత్తి మిల్లు గుమాస్తాని, కొత్త అల్లుణ్ణి. పెళ్లికి తరలివెళ్లే రోజు పొద్దున, మా మామగారు తన వాచీ విప్పి చెవి దగ్గర పెట్టుకుని, పల్లెలో వైద్యుడు నాడి చూసినట్టు ముఖం పెట్టారు. అది వాళ్ల నాన్నగారి నాటిది. ఊళ్లో ముహూర్తాలన్నీ దాని మీదే నడిచేవి.

"ఆగి ఆగి నడుస్తోంది అల్లుడుగారూ. రేపు తాళి కట్టించాల్సింది దీన్ని చూసే. ఎవరికైనా చూపిస్తే బాగుండు."

"చూపించడం దేనికి మామయ్యా? నేనున్నానుగా. మిల్లులో ఇంతకంటే పెద్ద చక్రాలు చూస్తుంటాను."

"గుమ్మం బయట నుంచి చూస్తారు నాన్నా," అంది మా ఆవిడ లోపల్నుంచి. ఆ మాట నాకింకా గుర్తుంది.

వసారాలో కూర్చుని వెనక మూత తీశాను. వెల్లకిలా పెడితే నడుస్తోంది, బోర్లిస్తే ఆగుతోంది. నిలబెడితే కాసేపు ఆలోచించి నడుస్తోంది. భూతద్దం పెట్టి చూస్తే, అటూ ఇటూ ఊగే చిన్న చక్రం కింద ఎర్రటి నలుసు. మిరపకాయ పొట్టు. కళ్లంలో నెలల తరబడి తిరిగిన వాచీ కదా, కారం తినక ఏం తింటుంది? ఆ చక్రాన్ని పట్టి ఉంచే మరమేకు విప్పి, కోడి ఈకతో నలుసు తీసేశాను. రోగం కనిపెట్టింది నేను, కుదిర్చింది నేను. ఈ సంగతి ఎవరూ చెప్పరు, గమనించండి.

మర మళ్లీ బిగించబోతున్నాను. వసారా కిందే ఆడవాళ్లు మిరపకాయల రాశిలోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటు ముక్కుకెక్కింది. ఆ తుమ్ముకి పశువుల కొట్టంలో గేదె కట్టు తెంచుకోబోయింది. కళ్లు తుడుచుకుని చూస్తే మర లేదు. ఆవగింజలో సగం ఉండే మర, మనిషెత్తు మిరపకాయల రాశిలో పడింది.

నాకు బుర్ర పనిచేసింది. పత్తిలో కలిసిన మేకులు ఏరడానికి మిల్లులో వాడే అయస్కాంతం ఒకటి, సాంబశివానికి చూపిద్దామని తెచ్చి ఉన్నాను. దాన్ని రాశిలో తిప్పితే మర వచ్చి అతుక్కుంది. బిగించాను. వాచీ ఠంచనుగా నడిచింది. బస్సెక్కేముందు హోటలు గడియారం చూసి టైము పెట్టాను. వాచీ పారేసుకోకుండా అయస్కాంతంతో కలిపి ఒకే రుమాల్లో మూటగట్టి, దర్శి పక్కన పెళ్లికూతురి ఊరు చేరేదాకా ఒళ్లో పెట్టుకున్నాను. పసిపిల్లనైనా అంత జాగ్రత్తగా మొయ్యలేదు.

అయస్కాంతం సోకితే వాచీలోని వెంట్రుకంత స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయనీ, అప్పుడది పరుగు లంకించుకుంటుందనీ నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

ముహూర్తం పొద్దున ఎనిమిదిన్నర. వాచీ ఎనిమిదీ పది చూపిస్తోంది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తీసుకురావలసిన మేనమామ రంగయ్యగారు ఇంకా రాలేదు.

"ఏడున్నర బస్సుకి వస్తానన్నాడండీ. బస్సే రాలేదు," అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

"బస్సుల కోసం ముహూర్తాలు ఆగుతాయా?" అన్నాను.

"ఎనిమిది దాటినా ఎండ రాలేదేమిటి నాయనా?" అంది మా అత్తగారు.

"మంచు పట్టిందత్తయ్యా."

"రంగయ్య తను మోయకపోతే ఊరుకునే మనిషి కాడండీ," అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

"వాచీ తప్పు చెప్పదు. స్వయంగా నేనే బాగుచేశాను. కానివ్వండి శాస్త్రిగారూ."

వరసకు మేనమామయ్యే ఒక బక్కాయన చేత గంప మోయించాం. తాళి కట్టేశాడు సాంబశివం. అక్షతలు ఇంకా నేలన పడుతుండగానే బస్సు హారను వినిపించింది.

రంగయ్యగారు పట్టుచీర చంకన పెట్టుకుని పందిట్లోకొచ్చారు. మనిషి దూలంలా ఉంటారు. "గంపేదీ?" అన్నారు.

"అయిపోయింది రంగయ్యా. ముహూర్తం దాటిపోతుంటేనూ..." అని నసిగాడు పెళ్లికూతురి తండ్రి.

"ఏడున్నరకి ఎలా దాటింది?" అని తన వాచీ చూపించారు. మా మామగారి వాచీలో పావుతక్కువ తొమ్మిది. రంగయ్యగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు. "ఇది గడియారమా, జట్కా గుర్రమా? ఎవరు బాగుచేశారు దీన్ని?"

పందిరి మొత్తం నా వైపు తిరిగింది. మామగారు "ఏమయ్యా" అన్నారు. అంతవరకూ నేను అల్లుడుగారిని. ఆ 'గారు' మళ్లీ తిరిగి రాలేదు.

"నా మేనకోడల్ని నేను మోయాల్సిందే. అసలు ముహూర్తానికి గంట టైముంది," అని రంగయ్యగారు పీట మీద కూర్చున్నారు. శాస్త్రిగారు చాలాసేపు ఆలోచించి, శాస్త్రంలో అడ్డేమీ లేదన్నారు. తాళి మెళ్లో ఉన్న పిల్లని మళ్లీ గంపలో కూర్చోబెట్టారు. సాంబశివం మళ్లీ తెర వెనక్కి వెళ్లాడు. రంగయ్యగారి వాచీలో ఎనిమిదిన్నర కాగానే మళ్లీ జీలకర్రా బెల్లం, మళ్లీ మేళం. అక్షతలు అయిపోతే వంటవాడు పులిహోరకి కడిగిన బియ్యం పట్టుకొచ్చాడు. తడి బియ్యం గట్టిగా తగులుతుంది. నా మీదే ఎక్కువ పడ్డాయి.

అప్పట్నుంచీ సాంబశివం ఎద్దు కుంటితే "బావ పెట్టిన ముహూర్తం." మిరప ధర పడితే "బావ పెట్టిన ముహూర్తం." మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నా నాకే కబురొస్తుంది. కొడుకు పుట్టినప్పుడు మాత్రం "రంగయ్య మామ గంప మోసిన వేళ" అన్నారు. ఆయనకి కొత్త పంచెల చాపు పెట్టారు. నాకు భోజనం పెట్టారు.

విసిగిపోయాను. ఇకమీదట గోడదైనా చేతిదైనా గడియారం మూత తెరవననీ, ఆగిపోయిన గడియారాన్ని ఆగిపోయినట్టే గౌరవిస్తాననీ ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. కాని రంగయ్యగారూ, సాంబశివం, మీరిద్దరూ ఒక్కదానికి సమాధానం చెప్పాలి. ఆ పెళ్లి ఏ ముహూర్తానికి జరిగినట్టు? మొదటిదానికైతే పుట్టిన కొడుకు నా చలవే, నా పంచెల చాపు నాకు పంపండి. రెండోదానికైతే కుంటి ఎద్దుని తోలుకెళ్లి రంగయ్యగారి గుమ్మంలో కట్టెయ్యండి. ఏదో ఒకటి తేల్చి చెప్పండి.