ఉసిరిచెట్టు కింద కాళ్ళకి పసుపు

నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోందండి. నాకు సంతకం ఒక్కటే వచ్చు. మాట వెనకాముందూ అయితే సర్దుకుని చదువుకోండి.

గాలీ ధూళీ, దెయ్యాలూ అంటే నాకు నమ్మకం లేదు. గొప్పకి చెప్పడం కాదు. మా ఆయన ఆకివీడు అవతల చేపల చెరువుకి కాపలా ఉండేవారు. గట్టు మీద పాకలోనే ఆరేళ్ళు కాపరం చేశాం. పక్కనే శ్మశానం. ఒక్కనాడు కూడా ఏదీ కనబడలేదు. ఆయన గుండెనొప్పితో పోయాక, సామాను సర్దుకోవాలని ఆ పాకలో నేనొక్కదాన్నే కొన్నాళ్ళున్నాను. ఒక్కసారన్నా కనబడితే బాగుండునని ఎదురు కూడా చూశాను. రాలేదు. పోయినవాళ్ళు పోయినట్టే అని అప్పుడే తేల్చుకున్నాను.

అలాంటిదాన్ని కాబట్టే ఈ సంగతి నాకు మింగుడుపడటం లేదు. పైగా ఇందులో చనిపోయిన వాళ్ళు ఎవరూ లేరు.

ముందు సత్యవతి వదిన గురించి చెప్పాలి. మాకు చుట్టరికం లేదు, నాకన్నా రెండేళ్ళు పెద్దదని వదినా అంటాను. ఇద్దరం రొయ్యల షెడ్డులో పని. ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టి, పొద్దున్నుంచీ నిలబడి రొయ్యలు వలవాలి. ఇరవై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర పక్కపక్కన నిలబడ్డాం. నాకు జ్వరం వస్తే నా వాటా కూడా ఆవిడే వలిచేది.

మా ఆయన పోయి ఏడాది తిరిగాక ఆవిడ కూతురు లక్ష్మి పెళ్ళి కుదిరింది. నేను రానంటే ఇంటికొచ్చి మరీ పిలిచింది. వెళ్ళాను. పసుపు దంచుతున్నారు. ముప్పై ఏళ్ళుగా మా ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా ఆ రోకలి మీద నా చెయ్యి ఉండేది. అలవాటు చూడండి, నా బతుకు సంగతి మర్చిపోయి చెయ్యి వేసేశాను. రోకలి పట్టుకున్నాక గుర్తొచ్చింది. తియ్యబోతున్నాను, ఈలోగా వదిన అంది.

"నువ్వు కాదు మణీ, పక్కకి ఉండు."

గట్టిగా కూడా అనలేదు. మామూలుగా, గిన్నె పక్కకి పెట్టమన్నట్టు అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నేల చూశారు. నేను చెయ్యి తీసి, భోజనం చెయ్యకుండా ఇంటికొచ్చేశాను. మర్నాటి నుంచి షెడ్డులో అవతలి బల్లకి మారిపోయాను. పదకొండు నెలలు మాట్లాడుకోలేదు. వేరేవాళ్ళు అంటే పడుండేదాన్నండి. ఆవిడ అన్నందుకే లోపల ముల్లులా ఉండిపోయింది. తప్పయిందని ఒక్క మాటంటే చాలుననుకునేదాన్ని. ఆవిడ అనలేదు, నేను అడగలేదు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం షెడ్డు ఆడవాళ్ళందరం కొల్లేరు పక్కన ఆటపాక వైపు వనభోజనాలకి వెళ్దామన్నారు. పెత్తనమంతా పద్మది. నలభై ఏళ్ళుంటాయి, నోరూ మనసూ రెండూ పెద్దవే. పిన్నిగారూ మీరు రావాలి, ఆవిడా వస్తున్నారు, ఇద్దర్నీ ఒకే ఆటోలో కూచోబెడతాను, ఎలా మాట్లాడుకోరో చూస్తానంది. నాకు ఓపిక లేదు. మోకాళ్ళు రెండూ పోయాయి. అయినా సరేనన్నాను.

పొద్దున్న ఏడింటికి ఆటో సత్యవతి వదిన వీధి చివర ఆగింది. పద్మ వెళ్ళి చూసొచ్చి ఇంటికి తాళం వేసుందంది. ఫోను ఎత్తలేదు. ఎవరూ పైకి అనలేదు గానీ, నేనున్నానని తెలిసి రాలేదనే అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. దిగి వెళ్ళిపోదామనిపించింది. అప్పటికే నా ఒళ్ళో పులిహోర గిన్నె పెట్టేశారు.

తోటలో నీళ్ళకి దగ్గరగా ఉసిరిచెట్టు ఒకటుంది. దాని కింద చాపలు పరిచాం. ఎండ లేత ఎండ. అవతల గూడకొంగలు గుంపులు గుంపులుగా. చెట్టుకి పూజ చేసుకుని, పది దాటాక అందరూ పక్షుల్ని చూడటానికి బోటెక్కుతామన్నారు. మెట్లు దిగలేను, సామాను దగ్గర నేనుంటానన్నాను. పిన్నిగారిని నమ్మి పులిహోర వదిలేస్తున్నాం, వచ్చేసరికి ఉండాలి సుమండీ అని పద్మ వెక్కిరిస్తూ వెళ్ళింది.

ఒక్కదాన్నే కూర్చున్నాను. కాళ్ళు చాపుకుని మోకాళ్ళు రాసుకుంటున్నాను. పడుకోలేదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను. కాకులు గిన్నెల మీదకి వస్తుంటే తోలుతున్నాను.

గట్టు మీంచి సత్యవతి వదిన నడిచొచ్చింది. ఆకుపచ్చ నేతచీర, తలంటుకున్న జుట్టు తడిగా వదిలేసి ఉంది. నాకు వింతగా అనిపించలేదు. వేరే ఆటోలో వచ్చిందనుకున్నాను. చాప మీద నాకెదురుగా, నా కాళ్ళ దగ్గర కూర్చుంది. చేతిలో చిన్న గిన్నె, అందులో తడిపిన పసుపు. నా పాదం పట్టుకుంది.

నేను లాక్కున్నాను. నాకు కాదు వదినా, అన్నాను.

"నీకే. ఆరోజు అలా అనకూడదు నేను. తప్పయింది. కాలు ఇలా పెట్టు."

రెండు చేతులతో, మడమ దగ్గర్నుంచి వేళ్ళ సందుల దాకా, నొక్కి నొక్కి రాసింది. రెండేళ్ళయిందండి నా కాళ్ళకి పసుపు తగిలి. ఏడుపొచ్చింది. ఆవిడ చేతులు వెచ్చగానే ఉన్నాయి. పసుపు కచ్చూరాల వాసన వేసింది. ఆవిడ పసుపు కొమ్ములు తెచ్చి, సువాసనకి కచ్చూరాలు కలిపి దంచుకుంటుంది. మిగతా అందరిదీ ప్యాకెట్ పసుపే. తర్వాత లేచి, వాళ్ళని పిలుచుకొస్తానని బోట్ల వైపు వెళ్ళింది.

అరగంటకి అందరూ వచ్చారు. ఆవిడ లేదు. వదిన కనబడలేదా అని అడిగాను. లేదన్నారు. పద్మ నా కాళ్ళు చూసి నోటి మీద చెయ్యేసుకుంది. తర్వాత నన్ను వాటేసుకుని, వచ్చి ఇంత పని చేసి మొహం చాటేశారా, సిగ్గేసి ఉంటుంది పాపం అంది. మళ్ళీ ఫోను చేసింది, ఎత్తలేదు. ఆవిడకీ ఒక విస్తరి వేసి ఉంచాం.

ఆరోజు నేను తిన్నంత తిండి ఈమధ్య ఎప్పుడూ తినలేదు. పులిహోర, పనసపొట్టు కూర, కందిపచ్చడి, పూర్ణాలు. యాభై దాటినవాళ్ళం చెమ్మచెక్క ఆడాం. పద్మ మా షెడ్డు మేస్త్రీలా నడిచి చూపిస్తే నవ్వలేక కడుపు పట్టుకున్నాం. ఒళ్ళంతా నొప్పులున్నా మనసు తేలిగ్గా ఉంది. మా ఆయన పోయాక నేను సంతోషంగా ఉన్న రోజు ఏదంటే అదే.

సాయంత్రం కైకలూరు దాటుతుంటే పద్మకి ఫోనొచ్చింది. లక్ష్మి. తెల్లవారుజామున పొయ్యి దగ్గర వాళ్ళమ్మ కూలబడిపోయిందట. పక్షవాతం. చీకటుండగానే ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారట. ఆ కంగారులో ఫోను ఇంట్లోనే వదిలేశారట.

అందరూ నా కాళ్ళ వంకే చూస్తున్నారు. నేను చీర కిందకి లాక్కున్నాను.

మర్నాడు మొదటి బస్సుకి ఏలూరు వెళ్ళాను. లక్ష్మిని మూడుసార్లు అడిగాను, మీ అమ్మ మధ్యలో ఎక్కడికైనా వెళ్ళిందా అని. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పదకొండింటికి అమ్మని స్కానింగుకి తోసుకెళ్ళారు అత్తా, నేను పక్కనే ఉన్నాను అంది. వదిన మంచం మీద ఉంది. మూతి ఒక పక్కకి వెళ్ళింది, కుడిచెయ్యి లేవడం లేదు. నేను ఆ చేతులు రెండూ తిప్పి చూశాను. గోళ్ళ సందుల్లో కూడా పసుపు లేదు. నా కాళ్ళకి ఇంకా ఉంది. స్నానం చేసినా పూర్తిగా పోలేదు.

కూర్చున్నచోట కునుకు పట్టిందేమో అన్నారు కొందరు. కలలో రాసిన పసుపు కాళ్ళకి అంటదు కదండీ. నువ్వే రాసుకుని ఉంటావు, కోరిక అలాంటిది అని ఇంకొకావిడ అంది. పద్మ సంచీలో పసుపు డబ్బా ఉన్నమాట నిజమే. నేను ముట్టుకోలేదు. ముట్టుకోలేదనే నాకు తెలుసు. అంతకంటే ఏం చెప్పను. ఆ కచ్చూరాల వాసన మటుకు ఆ డబ్బాది కాదు.

ఆవిడని ఇంటికి తెచ్చాక, షెడ్డు నుంచి వచ్చి రోజూ ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. జావ తాగించేదాన్ని. నాకు నడుం పడిపోయేది, అయినా వెళ్ళేదాన్ని. తప్పయిందన్న మనిషి దగ్గర ఇంకేం కోపం ఉంటుంది.

రెండు నెలలకి కాస్త మాట వచ్చింది. ఒకరోజు జావ తాగుతూ తాగుతూ ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకుంది. మాటలు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"మణీ. పెళ్ళిలో నిన్ను పక్కకి ఉండమన్నాను. ఇన్నాళ్ళూ చెప్పాలనే... నోరు రాలేదు. తప్పయింది."

మొదటిసారి అంటున్నట్టు అంది. కళ్ళమ్మట నీళ్ళు. ఆవిడకి మొదటిసారే.

ముందే అన్నావు కదా వదినా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఊరుకో, ఎప్పుడో మర్చిపోయానన్నాను. మూతి తుడిచి మిగిలిన జావ తాగించాను.

ఒక్క మాట అంటే చాలుననుకున్నదాన్ని, నాకు రెండుసార్లు దక్కింది. రెండోది ఆవిడే అంది, నా చెవులతో విన్నాను, దానికి అనుమానం లేదు. కానీ నా లోపలి ముల్లు ఊడింది మొదటిదానికి. ఆ మొదటిది ఎవరన్నారో నాకు ఇప్పటికీ తెలియదండి.