ప్రారంభోత్సవాల మామయ్య

కొత్త సైకిలుకు చుట్టిన అట్టముక్కలు ఇంకా పూర్తిగా ఊడదీయకముందే మామయ్య దానిమీదెక్కి కూర్చున్నాడు.

ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా మొదట తనే వాడాలి. అదీ ఆయన జబ్బు. కుర్చీ కొంటే మొదట ఆయనే కూర్చుంటాడు. పరుపు కొంటే మధ్యాహ్నమంతా దానిమీద గురక పెడతాడు. అత్తయ్యకు కొన్న గొడుగును ఎండా వానా లేని రోజున వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. నీళ్ళు కాచే హీటరు బిగించిన నాడైతే, పొద్దున్నే స్నానం చేసిన మనిషి మళ్ళీ తువ్వాలు భుజాన వేసుకుని తయారయ్యాడు. అందుకే ఇంటిల్లిపాదికీ ఆయన ప్రారంభోత్సవాల మామయ్య.

“కత్తెరా రిబ్బనూ మాత్రమే తక్కువ,” అంటుంది అత్తయ్య.

“మామయ్యా, అది నా సైకిలు!” అని మొత్తుకుంది మేనకోడలు. తెల్లారి ఆరింటికల్లా ఆమె ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగంలో చేరాలి. ఆ వేళకు బస్సులుండవు. ఇంటి దగ్గర్నుంచి ఆస్పత్రిదాకా దారంతా పల్లమే. అందుకే డిస్కు బ్రేకులున్నది ఏరికోరి కొనుక్కుంది.

“నీదే తల్లీ, కాదన్నానా? ఒక్క రౌండు కొట్టి ఇచ్చేస్తా.”

“ఈ వయసులో ఏం మోజండీ మీకు?” అంది అత్తయ్య.

“మోజుకి వయసేమిటే!” అంటూ మేనకోడలి గులాబీరంగు హెల్మెట్ నెత్తిన పెట్టుకుని పల్లంలోకి జారిపోయాడు.

మరుక్షణం కింద పెద్ద కేక. అక్కడ లాండ్రీ ఆవిడ తాళ్ళనిండా దుప్పట్లు ఆరేసింది. మేనకోడలు పరుగెత్తి వెళ్ళేసరికి నేలమీద ఒక దుప్పటి కాళ్ళాడిస్తోంది.

“సారూ, ఉతకాల్సిన బట్టలుంటే విప్పి ఇస్తారు గానీ, మనిషితో సహా వచ్చి పడతారా?” అంటోంది లాండ్రీ ఆవిడ.

దుప్పట్లోంచి గులాబీరంగు తల బయటికొచ్చింది. “బ్రేకు పడలేదు.”

మోచెయ్యి గీరుకుపోయింది. అత్తయ్య కట్టు కడుతుండగానే మామయ్య సైకిలు షాపుకు ఫోన్ చేశాడు.

“అన్నీ బిగించే పంపామండీ. కొత్తలో అలాగే ఉంటుంది. రెండ్రోజులు తొక్కితే సర్దుకుంటుంది,” అన్నాడు షాపాయన.

“ఈలోగా మేమెక్కడ సర్దుకోవాలయ్యా, మంచంమీదా?”

“పోనీ, రేపు పదకొండింటికి తీసుకురండి.”

మేనకోడలి మొహం వాడిపోయింది. మొదటి రోజే ఆలస్యమా? సైకిలుతో వచ్చిన చిన్న పుస్తకం తెరిచింది. చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్ళేన్ని రెండువైపులా నొక్కిపట్టేది క్యాలిపర్. బొటనవేలు ఆనిస్తేనే అది అటూ ఇటూ ఊగింది. షాపులో దాని బోల్టులు వేళ్ళతో తిప్పి వదిలేశారు. బ్రేకు తీగ కూడా వదులే.

“తీగ బిగించి, బ్రేకు గట్టిగా నొక్కి ఉంచాలట మామయ్యా. అప్పుడు క్యాలిపర్ దానంతటదే సరిగ్గా కుదురుకుంటుంది. అలా ఉండగా బోల్టులు బిగించాలి. నువ్వు నొక్కు.”

“నొక్కా.”

“వదలకు.”

“ముక్కు దురద పెడుతోందే!”

“అత్తయ్య గోకుతుందిలే. నువ్వు వదలకు!”

అత్తయ్య గోకింది. మేనకోడలు ఆ బోల్టు కాస్తా ఈ బోల్టు కాస్తా తిప్పుతూ బిగించింది. రెండు చక్రాలకూ అదే తంతు. చివరికి చక్రం ఎక్కడా రాసుకోకుండా తిరిగింది. బ్రేకు నొక్కగానే టక్కున ఆగింది.

ఆమె హెల్మెట్ అందుకోబోయేలోపే మామయ్య దాన్ని లాగేసుకున్నాడు.

“మళ్ళీనా! దెబ్బ తగిలిందిగా, నేను వెళ్తా.”

“నువ్వు పడితే రేపు ల్యాబులో సూదులు ఎవరు గుచ్చుతారు? నేను పడితే నీకు ఒకరోజు ముందే పని దొరుకుతుంది.”

నవ్వబోయిన మేనకోడలు ఆగి అత్తయ్య వైపు చూసింది.

“హీటరు నాడు షాకు కొట్టింది ఈయనకే,” అంది అత్తయ్య, కట్టుకు వాడిన కత్తెర తాపీగా సర్దుకుంటూ. “నీళ్ళు కాగట్లేదని నీకో అబద్ధం చెప్పి, మెకానిక్కుని పిలిపించాడు.”

“ఛ! నాకు కొత్తదంటే మోజు, అంతే,” అంటూ మామయ్య కదిలాడు.

పల్లంలో సైకిలు కనబడగానే లాండ్రీ ఆవిడ ఉన్న దుప్పట్లన్నీ గుండెలకు హత్తుకుంది. ఆవిడకు మూరెడు దూరంలో సైకిలు ఆగింది.

“బ్రేకు బ్రహ్మాండం!” అని కిందనుంచి కేకేశాడు మామయ్య. “తల్లీ, వచ్చి తీసుకుపో. ఎత్తు ఎక్కడం నావల్ల కాదు!”

మర్నాడు ఆరింటికి పది నిమిషాలుండగానే ఆమె ల్యాబు గుమ్మం ముందు సైకిలుకు తాళం వేస్తోంది.